దానికి ఎవరు చెప్తారు

టీ పెద్ద కప్పులో వచ్చింది. అక్కడే ఆమె గుండె జారింది. ఎప్పుడూ అంచు చెక్కుపోయిన చిన్న కప్పు ఆమెది, అదీ తనే వెళ్ళి తెచ్చుకోవాలి. "కాళ్ళు లేవుటే నీకు" అని అమ్మ వంటింట్లోంచి అరవకపోతే ఆ ఇంట్లో సాయంత్రం సాయంత్రంలా ఉండదు. ఇవాళ అమ్మ తనే తెచ్చింది, చుట్టాలొస్తే తప్ప అలమరలోంచి దిగని కప్పులో, ఒలికిపోయేంత నిండుగా. డ్యూటీ నించి వస్తూ ఆమె గుమ్మంలో అడ్డంగా వదిలేసిన చెప్పుల్ని చూసి కూడా ఒక్క మాట అనలేదు, కాలితో పక్కకి జరిపింది. "తాగమ్మా, చల్లారిపోతుంది" అంది. అమ్మా! ఒసేయ్, ఏమే, ఎప్పుడొస్తుందే నీకు బుద్ధి, ఇవన్నీ నిత్యం వినేవే గానీ అమ్మా అన్న పిలుపు ఆ నోట ఎప్పుడు విందో ఆమెకి జ్ఞాపకం లేదు. కాదు, ఉంది, ఒక్కసారి, చిన్నప్పుడు జ్వరంలో ఇంక బతకదనుకున్న వారం. అమ్మ కప్పు పెట్టి, చెయ్యి వెంటనే తీసుకోకుండా, ఆమె మెడ వంక చూడబోయి కళ్ళు ఫ్యాను మీదికి తిప్పేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వంటింటి తలుపు చేరవేసిన చప్పుడైంది. ఆమె, ఎప్పుడూ నాన్న కూర్చునే పడక్కుర్చీలో కూర్చుని ఉంది, టీ మీద మీగడ కట్టడం చూస్తూ ఉంది.

పెరట్లో అన్నయ్య కుళాయి బిగిస్తున్నాడు. ఇదింకా ఘోరం. అన్నయ్యకి చెడ్డ కబురు తెలిస్తే చేతులు ఊరుకోవు, పానాయో స్క్రూడ్రైవరో పట్టుకుని ఇంట్లో ఎప్పట్నించో పాడై పడున్న వస్తువుని వెతికి మరీ బాగుచేస్తాడు. నాన్న పనిచేసిన వర్క్‌షాపు మూతపడుతోందని తెలిసిన రోజు గోడగడియారం నడిచింది. ఆమె పెళ్ళి ఇక నిలవదని తేలిన రోజు మేడమెట్ల కింద లైటు వెలిగింది. నాయనమ్మ పోయిన రోజు బాత్రూం గడియ పడడం మొదలుపెట్టింది. ఇల్లింత చక్కగా ఉందంటే మీకెన్ని కష్టాలొచ్చి ఉండాలో అని వదిన ఓసారి వేళాకోళమాడితే ఎవరూ నవ్వలేదు. ఇవాళ పెరటి కుళాయి. ఎన్నాళ్ళ నించో చుక్కచుక్కగా కారుతోంది, ఎవరు ఎంత పోరినా కదలని మనిషి ఇవాళ చొక్కా విప్పి మరీ కూర్చున్నాడు. ఆమె లోపలికొస్తుంటే "ఏం మైకూ, బళ్ళన్నీ టైముకొచ్చాయా" అని అడగలేదు. ఎప్పుడూ అడుగుతాడు. తల కూడా ఎత్తలేదు. ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు, ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది.

మైకు అన్నయ్య పెట్టిన పేరే. ఆమె రైల్వే స్టేషన్లో అనౌన్సరు. టైముకొచ్చే బళ్ళ సంగతి చెప్పడానికి అక్కడ రికార్డు చేసిన గొంతు ఒకటుంది, ఏ మహాతల్లిదో గానీ తేనె పూసినట్టుంటుంది. బండి ఆలస్యమైతేనో, రద్దయితేనో ఆ గొంతుకి చేతకాదు, అప్పుడు ఆమె బటన్ నొక్కి మాట్లాడాలి. అద్దాల గదిలోంచి కింద జనం కనిపిస్తారు. దయచేసి గమనించండి అని ఆమె అనగానే, ఇంకా ఏ బండో చెప్పకముందే, తలలు పైకి లేస్తాయి, ఎత్తుకున్న సంచులు మళ్ళీ కిందికి దిగుతాయి. ఈ గొంతు మంచి చెప్పదని రోజూ వచ్చేవాళ్ళకి తెలుసు. ఇంట్లోనూ అదే కదా తన ఉద్యోగం అనుకుంది, కప్పు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా. తను వచ్చి మెల్లిగా పక్కన కూర్చుంటే చాలు మనుషులు బిక్కచచ్చిపోయేవారు. కబురు అందరూ పంచుకుని, ఏడ్చుకుని, ఆఖరున ఎవరిదో వాళ్ళకి చేర్చే పని మాత్రం ఆమె నెత్తిన పెట్టేవారు. ఎప్పట్నించి?

బాబాయి పోయినప్పట్నించి. అప్పుడామెది గౌను తొడుక్కునే వయసు. బాబాయితో పనిచేసే డ్రైవరొకడు లోపలికైనా రాకుండా, గుమ్మంలోనే నిలబడి, మీ తమ్ముడు పోయాడండీ అనేశాడు. నాన్న నిలువునా కూలిపోయాడు. తల గడపకి తగిలిన ఆ చప్పుడు ఆమె చెవుల్లో ఇప్పటికీ ఉంది, రైలు డబ్బాలు ఒకదానికొకటి తగిలినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది. మొహం మీద నీళ్ళు కొట్టారు. కళ్ళు తెరిచి, ఏమయింది అని అడిగాడు నాన్న, ఏమీ గుర్తులేనట్టు అందరి వంకా చూస్తూ. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దవాళ్ళెవరికీ మాట పెగల్లేదు. అప్పుడు ఆమె నాన్న బొటనవేలు పట్టుకుని, బాబాయికి దెబ్బ తగిలింది నాన్నా, చాలా పెద్ద దెబ్బ, ఇంక మనింటికి రాడు అంది. నాన్న ఏడ్చాడు గానీ మళ్ళీ పడిపోలేదు. అంతే, అమ్మకి అదొక నమ్మకమై కూర్చుంది. ఆయన గుండె నాజూకు, దీని నోట వింటే తట్టుకుంటారు. ఆ గుండెని ఏ డాక్టరైనా చూశాడో లేదో, చూసి ఏమన్నాడో ఇవాళ్టిదాకా అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు.

ఆ తర్వాత ఇంట్లో కబుర్లకి ఒక దారి పడిపోయింది. ముందు అమ్మకో అన్నయ్యకో తెలుస్తుంది. నాన్నని క్షవరానికో, అలా గాలి పీల్చుకు రమ్మనో బయటికి పంపేస్తారు. వంటింటి తలుపు మూసుకుంటుంది. అమ్మ ఏడవాల్సిందంతా అక్కడే ఏడ్చేసి కళ్ళు తుడుచుకుంటుంది, అన్నయ్య పానా వెతుక్కుంటాడు, చివర్లో ఆమెని లోపలికి పిలుస్తారు, ఇదీ సంగతి, మెల్లిగా చెప్పు, నీకైతే వీలవుతుంది. ఎవరి కబురు వాళ్ళకి అందరికన్నా ఆఖరున తెలియాలి. ఈ పద్ధతి ఎవరూ కూర్చుని పెట్టలేదు, అయినా తప్పిన రోజు లేదు. కాపురానికొచ్చిన కొత్తలో వదిన, "ఉన్నదున్నట్టు చెప్పేస్తే పోలా అత్తయ్యా" అంది. అమ్మ కొన్నాళ్ళు ఆవిడతో మాటలు మానేసింది. ఏడాది తిరక్కుండా అందరికన్నా ముందు లేచి తలుపు వేసేది వదినే అయింది. తన పెళ్ళి విరిగిపోయిన సంగతి కూడా ఆమె అలాగే చెప్పింది, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా, వాళ్ళు ఏడుస్తుంటే వీపు నిమురుతూ. అప్పుడు తన వీపు ఎవరు నిమిరారు? గుర్తు రావడం లేదు. నిమిరే ఉంటారులే, తనే మరిచిపోయి ఉంటుంది.

చెయ్యి మెడ మీదికి పోయింది. పోకూడదనుకుంటూనే ఉంది, పోయింది. గొంతుకి కుడిపక్క, రేగుపండంత గడ్డ, నొప్పి లేదు, అదే భయం, నొప్పి ఉంటే మంచిదట, డాక్టరు అలా అన్నప్పుడు నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు. సూది గుచ్చి లోపల్నించి కాస్త తీశారు. రిజల్టు వచ్చాక ఎవరికి ఫోన్ చెయ్యమంటారు అని నర్సు అడిగితే అన్నయ్య నంబరు చెప్పేసింది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. అనౌన్సరు గదిలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కదా అని తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంది. నిజం అది కాదు. చెడ్డ కబురు ముందు మిగతావాళ్ళ చేతుల్లో పడి, నలిగి, మెత్తబడి తన దగ్గరికి రావాలనుకుంది. తనని తనే క్యూలో చివర నిలబెట్టుకుంది. డ్యూటీలో కూర్చున్నంతసేపూ ఆ ఫోన్ అన్నయ్య జేబులో మోగుతున్నట్టే ఉంది. ఎప్పుడు మోగింది? మధ్యాహ్నం తను ఏ బండి రద్దయిందని చెప్తుండగా మోగింది?

ఏమో, మోగలేదేమో. కబురు వేరే ఏదైనా కావచ్చు. వదిన వాళ్ళింట్లో ఎవరికైనా బాగోలేదేమో, అన్నయ్య పని పోయిందేమో. నాన్నకి ఏమైనా అయిందేమో. ఈ చివరి మాట తగలగానే ఆమె దాన్ని గట్టిగా పట్టుకుంది. అవును, నాన్నకే అయి ఉంటుంది. పొద్దున్న మొహం వాడినట్టు లేదూ? అందుకే కదా ఆ గది తలుపు మూసి ఉంది, రేడియో చప్పుడు కూడా లేదు. అలా అయితే కాసేపట్లో అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టి ఇలా రావే అంటుంది, తను లోపలికెళ్తుంది, మొహం కడుక్కుంటుంది, నాన్న పక్కన కూర్చుంటుంది, అది తనకి చేతనైన పని, ఒంటిచేత్తో చెయ్యగలదు. నాన్నదే అయితే బాగుండు. అనుకుంది. నిజంగానే, మాట మాటగా, అనుకుంది. ఛీ, ఎలాంటి మనిషిని నేను, కన్నతండ్రి చావు కోరుకుంటున్నాను ఈ కుర్చీలో కూర్చుని, ఆయన కుర్చీలోనే. అయినా ఆ కోరిక పోలేదు. సిగ్గుపడుతూనే చెవులు వంటింటి వైపు పెట్టి కూర్చుంది, పిలుస్తారేమో, ఇంకా పిలవలేదేం, పిలవండే బాబూ.

నాయనమ్మ ఆసుపత్రిలో చేరినప్పుడు అలాగే పిలిచారు. దూరపు ఊరు, మంచి కబురు కాదు, రేపోమాపో అన్నారు. నాన్నకి తల్లంటే ప్రాణం, ఒక్కసారిగా చెప్తే ఈయన ముందు పోతాడే అంది అమ్మ. ఆమె మొదటిరోజు, నాయనమ్మకి కాస్త నలతగా ఉందట నాన్నా అంది. మర్నాడు, డాక్టర్లు చూస్తున్నారట అంది. ఆ మర్నాడు, ఓసారి వెళ్ళొస్తే బాగుంటుందేమో అంది. ఎంత బాగా చెప్పావే, మంచినీళ్ళు తాగినంత సులువుగా అని అమ్మ మెచ్చుకుంది కూడా. వాళ్ళు వెళ్ళేసరికి మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. నాన్న ఆ దిండుని కాసేపు చేత్తో తడిమి చూశాడు, పక్క మంచానికి వెళ్ళే మనిషికి దారి ఇస్తున్నట్టు పక్కకి తప్పుకున్నాడు, ఎవర్నీ ఏమీ అడగలేదు. తిరుగు ప్రయాణమంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఏమైనా అంటే బాగుండేదని ఆమెకి అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. ఇప్పుడు తనకీ అలాగే చెప్తారా? ముందు చిన్న గడ్డేనట అంటారు, ఆ తర్వాత చిన్న ఆపరేషనట అంటారు, అన్నీ చిన్నవే, తనకి నిజం తెలిసేసరికి దుప్పటి మార్చేసి ఉంటారా?

లేచింది. తాగని టీ కప్పు పట్టుకుని వంటింటి తలుపు తోసింది, కడిగి పెడదామని వచ్చానని ఒక సాకు ఉండాలి కదా. లోపల మాట ఠక్కున ఆగిపోయింది. అమ్మ పొయ్యి దగ్గర ఉంది, పొయ్యి మీద ఏమీ లేదు. వదిన ఉల్లిపాయలు తరుగుతోంది, అప్పటికే ఇంటిల్లిపాదికీ వారానికి సరిపడా తరిగేసింది, ఇంకా తరుగుతూనే ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏంటమ్మా, ఇద్దరూ గుసగుసలాడుతున్నారు?" అంది ఆమె, నవ్వుతూ, ఆ నవ్వు తనకే వెగటుగా తోచింది.

"ఏం లేదే, ఊరికే" అంది అమ్మ. "నువ్వెందుకొచ్చావ్ ఇక్కడికి, అలిసిపోయి వచ్చావ్, వెళ్ళి కూర్చో."

"నేనూ తరుగుతాను ఇటివ్వండి వదినా."

"వద్దమ్మాయ్, అయిపోయాయి. నువ్వు వెళ్ళు." వదిన తల ఎత్తలేదు. కప్పు మాత్రం ఆమె చేతిలోంచి తీసుకుంది, తీసుకుంటూ వేళ్ళు ఒక్క క్షణం గట్టిగా నొక్కింది.

తలుపు మళ్ళీ ఆమె వెనక మూసుకుంది. వంటింట్లోంచి వెళ్ళు అని పంపేసేది ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ నాన్నని ఒక్కడినే. ఆమె తిరిగొచ్చి ఆయన కుర్చీలోనే కూలబడింది. ఇంక వెతుక్కోవడానికి వేరే అనుమానం కూడా మిగల్లేదు. ఇక్కడ కూర్చుంటే ఇల్లు ఇలా ఉంటుందన్నమాట, మూసిన తలుపు అవతల మాటలు, మాటల మధ్య తన పేరు వచ్చినచోట గొంతులు తగ్గడం, పెరట్లో ఇనుము చప్పుడు. నాన్న ఇన్నేళ్ళూ ఇది వింటూ కూర్చున్నాడా? వింటే ఎలా కూర్చోగలిగాడు? ఆమెకి పరుగెత్తాలనిపించింది, వీధిలోకి, స్టేషన్లోకి, అద్దాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఎవరిదో బండి ఆలస్యమైందని చెప్పుకుంటూ ఉండిపోవాలనిపించింది. చచ్చిపోతానా? ఈ ప్రశ్న ఇంతసేపూ లోపల ఎక్కడో ఒదిగి ఉండి ఇప్పుడు బయటికొచ్చింది. నేను చచ్చిపోతానా, గొంతు కోస్తారా, కోస్తే మాట ఉంటుందా, మాట లేకపోతే వీళ్ళకి నేనేం పనికొస్తాను. పెరటి తలుపు చప్పుడైంది, అన్నయ్య తడికాళ్ళతో వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి ఆగిపోయింది కాబోలు, ఇల్లు నిశ్శబ్దమై, లోపలి మాటలు ఇటు తేలివచ్చాయి.

"ఇంకెంతసేపు? ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలిగా" అన్నాడు అన్నయ్య.

"నా వల్ల కాదురా" అంది అమ్మ.

"పోనీ నువ్వు చెప్పు" అన్నాడు అన్నయ్య, వదినతో.

"నేనా! నేనెలా చెప్పనండీ?" అంది వదిన.

"ఎప్పుడూ అదే కదరా చెప్పేది" అంది అమ్మ. "దానికి ఎవరు చెప్తారు?"

ఏడుపు వస్తుందనుకుంది ఆమె, రాలేదు. వచ్చింది అలవాటు. పాపం ఎంత అవస్థ పడుతున్నారో, నేనే వెళ్ళి నాకు తెలిసిపోయిందిలే అని చెప్పేస్తే సరి, అమ్మని కూర్చోబెట్టాలి, అన్నయ్యకి తువ్వాలు ఇవ్వాలి, మొదట ఏ మాటతో ఎత్తుకోవాలి? కంగారు పడకండి అంటే కంగారు పడతారు. అప్పుడే లోపల మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టింది, దయచేసి గమనించండి, చింతిస్తున్నాము. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

నాన్న గది తలుపు తెరుచుకుంది. ఆయన లుంగీ సర్దుకుంటూ మెల్లిగా నడిచొచ్చి, తన కుర్చీలో కూతుర్ని చూసి, లేవబోకు అన్నట్టు చెయ్యి ఊపి, ముక్కాలిపీట ఈడ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. గుండె, ఈయన గుండె అనుకుంది ఆమె, ఈయనకి తెలియకూడదు, ఏదో ఒకటి మాట్లాడాలి. "రేడియో పెట్టుకోలేదేం నాన్నా" అంది.

"మధ్యాహ్నం డాక్టరు ఫోన్ చేశాడమ్మా" అన్నాడు నాన్న. "మీ అన్నయ్య నా కిటికీ కిందే నిలబడి మాట్లాడి, అక్కడే మీ అమ్మకి చెప్పాడు. నా గుండె సంగతేమో గానీ చెవులు బాగానే పనిచేస్తాయి."

ఆమె ఏదో అనబోయింది.

"ఆగు. నన్ను చెప్పనీ. అది క్యాన్సరేనట. రేపు పొద్దున్నే నిన్ను తీసుకురమ్మన్నాడు. ఆపరేషను చెయ్యాలట. ఆ తర్వాత ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. నేను విన్నది అంతే, అందులో ఒక్క ముక్క కూడా దాచలేదు."

వంటింటి తలుపు తెరుచుకుంది. "అయ్యో, మీరెందుకొచ్చారండీ బయటికి" అంటూ వచ్చిన అమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆవిడ వెనక అన్నయ్య, వదిన.

"మా అమ్మ సంగతి నాకు తెలియడానికి మూడు రోజులు పట్టింది" అన్నాడు నాన్న, వాళ్ళ వైపు తిరక్కుండా. "ఆ కబురు నీ నోట రాకముందే ఇంట్లో ఏదో అయిందని నాకు తెలుసు. మీ అందరి మొహాలూ చూస్తే తెలియదా? ప్రతిసారీ తెలిసేది. తెలియనట్టు కూర్చుంటే మీ అమ్మకి ధైర్యంగా ఉండేది, అందుకని కూర్చునేవాణ్ణి. నాకూ అదే హాయిగా ఉండేదనుకో. ఇవాళ మాత్రం గదిలో కూర్చోలేకపోయాను."

ఆయన చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని పట్టుకుని, అలవాటు కొద్దీ నిమరబోయి, ఆగిపోయింది. క్యాన్సర్. ఇంత మోటుగా, ఏ మెత్తదనం లేకుండా ఎవరూ ఎప్పుడూ తనకి ఏ మాటా చెప్పలేదు. అందరూ చూస్తున్నారు, అమ్మ, అన్నయ్య, వదిన, ఆమె ఇప్పుడేం అంటుందా అని, ఎప్పట్లాగే ఏదో ఒకటి అని తమని నిలబెడుతుందని. నోటిదాకా వచ్చింది, ఏం ఫరవాలేదు నాన్నా, ఈ రోజుల్లో ఇదొక లెక్కలోది కాదు, ఆ మాటలన్నీ వరసగా, తయారుగా, నాలుక చివర నిలబడి ఉన్నాయి. ఆమె వాటిని మింగేసింది.

"నాన్నా, నాకు భయంగా ఉంది" అంది.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అని ఎరగరు. అమ్మ గుమ్మం పట్టుకుంది.

"నాకూనమ్మా" అన్నాడు నాన్న.